53 మందిలో ఎవరుండాలి? డిఫెన్స్ ఎంపికపై అపోహలు, వాస్తవాలు

ఆగస్టు చివర్లో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ప్రతి జట్టూ 90 మంది ఉన్న తన జాబితాను 53 మందికి కుదించుకోవాలి. వారిలో డిఫెన్స్‌కు, అంటే ప్రత్యర్థిని ముందుకు రాకుండా ఆపేవారికి, దక్కేవి ఇరవై అయిదు స్థానాలకు అటూ ఇటూగా ఉంటాయి. ఆ కుదింపు పనిలో పాలుపంచుకునే నన్ను డల్లాస్, న్యూజెర్సీలలోని మన తెలుగువాళ్లు అడిగే ప్రశ్నల్లో కొన్ని అపోహలు ఏటా వినిపిస్తుంటాయి.

అపోహ: ఉన్నవారిలో మేటి ఆటగాళ్లను వరుసగా ఎంచుకుంటే సరిపోతుంది.

వాస్తవం: మొదటి పద్దెనిమిది, ఇరవై పేర్ల మీద పెద్దగా వాదన ఉండదు. రాత్రంతా కూర్చునేది చివరి అయిదారుగురి కోసమే. మ్యాచ్ రోజున సాధారణంగా 48 మందికే బరిలోకి దిగే వీలుంటుంది కనుక, అయిదో కార్నర్‌బ్యాక్ (మైదానం అంచుల్లో పాస్ అందుకునేవారిని కాచేవాడు) అయినా, ఆరో లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ ముందు వరుస వెనుక నిలిచేవాడు) అయినా పంట్ (బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి అప్పగించడం), కిక్‌ఆఫ్ (బంతిని తన్ని ఆట మొదలుపెట్టడం) సమయాల్లో ఆడే స్పెషల్ టీమ్స్‌లోనూ పనికిరావాలి. ఒక ఏడాది ఇద్దరు కార్నర్‌బ్యాక్‌లలో ఎవరిని ఉంచాలో తేలక, ప్రీసీజన్ మ్యాచ్‌లోని ఒకే ఒక్క పంట్ వీడియోను పదే పదే చూశాం. మైదానం అంచున ఉన్నవాడు తనను అడ్డుకోబోయిన ఇద్దరినీ తప్పించుకుని, నలభై గజాలు పరుగెత్తి, బంతి దిగేసరికి దాన్ని అందుకోబోయేవాడి ఎదుట నిలిచాడు. అవతలివాడు చెయ్యి ఊపి ఫెయిర్ క్యాచ్ (బంతి పట్టుకుని, పరుగెత్తకుండా అక్కడే ఆగిపోవడం) కోరక తప్పలేదు. ఆ పరుగుకు ట్యాకిల్ (బంతి ఉన్నవాడిని పడగొట్టడం) లెక్క కూడా పడదు, అయినా మేం అతడినే ఉంచుకున్నాం. రెండో కుర్రవాడు కవరేజ్‌లో ఇతడికన్నా మెరుగు, అతడిని పంపించిన బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అపోహ: ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి విసిరిన బంతిని మధ్యలో అందుకోవడాలు) తగ్గాయంటే కార్నర్‌బ్యాక్ పని అయిపోయినట్టే.

వాస్తవం: ఓక్లాండ్ రైడర్స్ ఆటగాడు నమ్డి అసొముఘా 2006లో ఎనిమిది ఇంటర్‌సెప్షన్లు సాధించాడు. తరువాతి మూడు సీజన్లలో ఏటా ఒక్కటే. పాస్‌లు విసిరే ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్‌లు అతడి వైపు బంతి విసరడమే మానేశారు.

అపోహ: ఖరీదైన ఆటగాడిని వదిలేస్తే అతడి డబ్బంతా మిగులుతుంది.

వాస్తవం: అయిదేళ్ల ఒప్పందానికి 2 కోట్ల డాలర్ల సంతకం బోనస్ ఇస్తే, జీతాల పరిమితి (ఏటా జట్టు ఆటగాళ్లపై పెట్టగల గరిష్ఠ ఖర్చు) లెక్కలో అది ఏడాదికి 40 లక్షల చొప్పున పడుతుంది. రెండేళ్లు ఆడాక మార్చిలో అతడిని తొలగిస్తే, మిగిలిన 1.2 కోట్లు ఒకేసారి ఆ ఏటి లెక్కలోకి వచ్చి పడతాయి. జూన్ 1 తరువాత తొలగిస్తే ఆ ఏడాది 40 లక్షలు, మరుసటి ఏడాది 80 లక్షలు పడతాయి. అందుకే కొందరు ముప్పై దాటాక కూడా మరో ఏడాది కొనసాగుతారు.

అపోహ: తీసేసిన కుర్రవాడిని ప్రాక్టీస్ స్క్వాడ్ (53 మందికి బయట, జట్టుతో సాధన చేసే అదనపు ఆటగాళ్లు)లోకి ఎప్పుడైనా తెచ్చుకోవచ్చు.

వాస్తవం: నాలుగు సీజన్లు నిండని ఆటగాడిని వదిలితే అతడు ముందు వేవర్స్ అనే జాబితాలోకి వెళ్తాడు, మిగతా 31 జట్లలో ఏదైనా అతడిని తీసుకుపోవచ్చు. మరునాడు మధ్యాహ్నం గడువు ముగిసేదాకా మా గదిలో ఎవరికీ భోజనం సహించదు. 2002లో కొత్త ఆటగాళ్ల వార్షిక ఎంపిక అయిన డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ ఎంచుకోని జేమ్స్ హారిసన్‌ను పిట్స్‌బర్గ్ తీసుకుని, ఒకసారి కాదు, పలుమార్లు వదులుకుంది. 2008లో లీగ్ మొత్తంలో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడిగా నిలిచింది ఆ హారిసనే. అప్పటికి అతడు మళ్లీ పిట్స్‌బర్గ్‌లోనే ఉండటం ఆ జట్టు అదృష్టం.