కొత్త బడికి స్థలం: గుణుపురం వైపు వినిపించే అపోహలు, అసలు సంగతులు

ఒడిశాలోని రాయగడ, గజపతి జిల్లాల్లో ఏ ఊరికైనా బడి మంజూరైందని తెలియగానే మొదట రేగే గొడవ టీచర్ల గురించి కాదు, స్థలం గురించి. బ్లాకు ఆఫీసు తరఫున స్థలాలు చూసి రిపోర్టు రాయడం నా ఉద్యోగంలో భాగం. గుణుపురం నుంచి కాశీనగర్ దాకా మన తెలుగువాళ్లున్న ఊళ్లలో అవే మాటలు వింటుంటాను. ఒడిశాలోని 6,794 పంచాయతీల్లో ఒక్కోదానికి ఒక ఆదర్శ ప్రాథమిక పాఠశాల అని ప్రభుత్వం ప్రకటించాక ఆ మాటలు ఇంకా పెరిగాయి.

అపోహ: ఎమ్మెల్యే ఎక్కడ చూపిస్తే అక్కడే బడి.

వాస్తవం: ఎమ్మెల్యే మాటకు బరువు లేదంటే మీరే నవ్వుతారు. కానీ ఆ మాట ఒక్కటే చాలదు. పల్లి సభ (ఊరి ఓటర్ల సభ) తీర్మానం, పంచాయతీ తీర్మానం, ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, అమీన్ (సర్వేయరు) కొలత, తహసీల్దార్ కేటాయింపు, ఇంజినీరు చూసి ఇచ్చే నివేదిక, ఇన్ని కావాలి. శిలాఫలకం పాతి ఏళ్లు గడిచినా గోడ లేవని చోట్లు మీకూ తెలుసు. అక్కడ చాలాసార్లు అడ్డుపడింది డబ్బు కాదు, భూమి కాగితం. ఈ వరుసలో మామూలు తల్లిదండ్రులు నోరు విప్పగలిగేది పల్లి సభలోనే. ఆ రోజు పొలం పని ఉందని మానేసి, జేసీబీ వచ్చాక అడ్డం కూర్చుంటే ఫైలు ఆగుతుంది గానీ స్థలం మారడం కష్టం.

అపోహ: ఖాళీగా ఉన్నదంతా సర్కారు భూమే, కట్టేయొచ్చు.

వాస్తవం: ఎక్కువ తగాదాలు ఇక్కడే. సర్కారు భూమిలోనూ రకాలున్నాయి. రికార్డులో 'అబాద జోగ్య అనాబాది', అంటే సాగుకు పనికొచ్చినా సాగులో లేని భూమి అని ఉంటే పని కాస్త సులువు. 'గోచర్' అంటే పశువుల మేతకు వదిలింది. 'రక్షిత్' అంటే ఊరి అవసరాలకు అట్టేపెట్టింది. ఆ కేటాయింపు పద్ధతి ప్రకారం మారకుండా దాన్ని బడికి రాయడం కుదరదు. ఊరి ఉమ్మడి భూముల గురించి జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2011 జనవరిలో గట్టి తీర్పు ఇచ్చింది, ఆక్రమణలు తీయించమని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. అందులో, ఇప్పటికే బడి, ఆసుపత్రి లాంటివి ఉన్నచోట క్రమబద్ధీకరించే వీలు ఉంచింది. దాన్ని పట్టుకుని "ముందు కట్టేద్దాం, తర్వాత చూసుకుందాం" అనే పెద్దలున్నారు. ఆ మినహాయింపు పాత బడులను కాపాడటానికే గానీ కొత్తగా గోచర్ మీద పునాది తీయడానికి కాదని నా అభిప్రాయం. మేత పోయిన ఇళ్లవాళ్లు ఆ బడి మీద కోపం పెంచుకుంటారు, అది వేరే సంగతి.

ఇదంతా ఆఫీసు చుట్టూ తిరగకుండానే తెలుస్తుంది. ఒడిశా భూమి రికార్డులుండే భూలేఖ్ వెబ్‌సైట్‌లో ఖాతా, ప్లాటు నంబర్లు కొడితే భూమి రకం కనిపిస్తుంది. ఒడియాలో ఉంటుంది, మన ఊళ్లలో చదివిపెట్టేవాళ్లకు కొదవ లేదు.

అపోహ: అడవి భూమి అయితే ఇక బడి ఆశ వదులుకోవాలి.

వాస్తవం: అటవీ హక్కుల చట్టం, 2006లో సెక్షన్ 3(2) ఉన్నదే ఇందుకు. బడి, అంగన్‌వాడీ, రోడ్డు వంటి 13 రకాల ప్రజా అవసరాలకు ఒక్కో పనికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు. హెక్టారుకు 75కు మించి చెట్లు కొట్టకూడదు. గ్రామసభ సిఫారసు తప్పనిసరి, మన దగ్గర అది పల్లి సభే. తీర్మానంలో కోరం (ఉండాల్సిన కనీస హాజరు) సంతకాలు సరిగా లేక ఫైలు వెనక్కి రావడం మామూలు.

అపోహ: దాత భూమి ఇస్తానన్నాడు, ఇక టెన్షన్ లేదు.

వాస్తవం: అసలు టెన్షన్ అప్పుడే మొదలు. స్థిరాస్తి దానం చెల్లాలంటే రిజిస్టర్ పత్రం, ఇద్దరు సాక్షులు ఉండాలి. తెల్లకాగితం మీద రాసిచ్చిన తాత పోయాక మనవలు వచ్చి వంటగదికి తాళం వేస్తే బడి ఏం చేస్తుంది? ఇంకో చిక్కుంది. రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతం, గజపతిలో కొంత భాగం. ఇక్కడ 1956 నాటి రెండో రెగ్యులేషన్ ప్రకారం ఆదివాసీ భూమి ఆదివాసీయేతరుల చేతికి బదిలీ కావడం చెల్లదు. "నేను కొన్న భూమే, బడికి ఇస్తున్నా" అని ఏ షావుకారైనా ముందుకొస్తే, దండ వేసే ముందు పట్టా ఎవరి పేరున ఉందో చూడండి.

అపోహ: కిలోమీటరు లోపల ఉంటే చాలు.

వాస్తవం: విద్యాహక్కు లెక్కలో అయిదో తరగతి దాకా కిలోమీటరు, ఎనిమిది దాకా మూడు. అందరికీ తెలిసింది ఇంతవరకే. కొండలు, వరదలు, కొండచరియలు విరిగిపడే భయం, దారి లేకపోవడం ఉన్నచోట ఆ దూరాన్ని తగ్గించి, ప్రమాదం తప్పేలా బడి పెట్టాలని కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల్లోనే ఉంది. కాగితం మీద ముప్పావు కిలోమీటరే, మధ్యలో గెడ్డ (వాగు) ఉంటే వానాకాలం ఆ బడి లేనట్టే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఈ రెండు జిల్లాల్లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఊరి ముసలివాళ్లు వేలుపెట్టి చూపిస్తారు. మ్యాపు కన్నా నేను ఆ వేలునే నమ్ముతాను. తుఫానొస్తే జనం తలదాచుకునేదీ బడిలోనే కదా, ఆ బడే నీళ్లలో ఉంటే ఎలా?

అపోహ: ఎకరం లేకపోతే చట్టం ఒప్పుకోదు.

వాస్తవం: విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఎకరాల మాటే లేదు. టీచరుకో గది, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరువేరు మరుగుదొడ్లు, తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ ఉన్నాయి. 15 ఎకరాల లెక్క ఆదివాసీ పిల్లల కోసం కేంద్రం పెట్టే ఏకలవ్య మోడల్ స్కూళ్లది. ఆ రెండూ కలిపేసి భయపడుతుంటారు.

అపోహ: మన వీధి పక్కనే బడి కడితే తెలుగు మీడియం దానంతటదే వస్తుంది.

వాస్తవం: రాదు. ఏ భాషలో చదువు చెప్పాలన్నది స్థలం ఫైలులో తేలదు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు అందేలా చూడమని రాజ్యాంగం 350ఏ అధికరణం చెబుతుంది. బడి మొత్తంలో 40 మంది, లేదా తరగతికి 10 మంది ఉంటే అన్న లెక్క 1949 నాటి విద్యామంత్రుల సమావేశంలో ఒప్పుకున్నది. కాబట్టి తెలుగు పిల్లల పేర్లు, వయసు, తండ్రి సంతకంతో జాబితా రాసి విద్యాశాఖకు విడిగా ఇవ్వండి, నకలు మీద తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. పల్లి సభ తీర్మానంలో మాత్రం స్థలం ఖాతా నంబరు, ప్లాటు నంబరు, విస్తీర్ణం అంకెల్లో రాయించండి. "రావిచెట్టు పక్క జాగా" అని రాస్తే ఆర్‌ఐకి ఏ రావిచెట్టో తెలియదు.