తెల్లదొరల నాటి సెన్సారు: అపోహలు - వాస్తవాలు

అపోహ: సెన్సారు సర్టిఫికెట్ చేతికొస్తే సినిమా గట్టెక్కినట్టే.

వాస్తవం: అసలు గండం ఆ తర్వాతే. 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం 1920లో అమల్లోకి వచ్చాక బొంబాయి, కలకత్తా, మద్రాసు, రంగూన్‌లలో బోర్డులు పెట్టారు. ఒక బోర్డు పాస్ చేసిన బొమ్మ బ్రిటిష్ ఇండియా అంతటా ఆడొచ్చు. కానీ తన జిల్లాలో దాన్ని నిలిపేసే అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు ఉండేది. రాష్ట్ర ప్రభుత్వమైతే తన పరిధిలో ఏకంగా నిషేధించొచ్చు. 1921లో కోహినూర్ వారి ‘భక్త విదుర’కు పట్టిన గతి ఇదే. మూకీ కాబట్టి పట్టుకోవడానికి సంభాషణ లేదు. విదురుడి వేషంలో ద్వారకాదాస్ సంపత్ గాంధీ టోపీ, ఖద్దరుతో కనిపించారు. కరాచీలోనూ మద్రాసులోనూ బొమ్మ ఆగిపోయింది.

అపోహ: ‘రైతుబిడ్డ’కు అడ్డుపడింది తెల్లవాళ్లే.

వాస్తవం: జమీందారీని ఎండగడుతూ 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ఈ చిత్రంపై కత్తిగట్టింది మన జమీందార్లే. తీసిన సారథి సంస్థకు అండ కూడా ఒక జమీందారే, చల్లపల్లి రాజా! అదను కూడా చూడాలి. మద్రాసులో కాంగ్రెస్ మంత్రివర్గం ఉన్నన్నాళ్లూ సెన్సారు పట్టు సడలింది. 1939 అక్టోబరులో ఆ మంత్రివర్గం దిగిపోయింది. అదే ఏడాది విడుదలై ఆడిన తమిళ ‘త్యాగభూమి’ని 1940లో నిషేధించారు.

అపోహ: పాత ప్రింటులో ఎక్కడ గెంతు కనిపించినా అది సెన్సారు కత్తెరే.

వాస్తవం: చాలావరకు అరుగుదలే. వెయ్యి అడుగుల రీలుకు మొదలు, చివర ఎక్కువగా చిరుగుతాయి. ఆపరేటర్లు ఆ ముక్క తీసేసి అతికేవారు. రీలు మధ్యలో, అదీ ఒక మాట దగ్గర గెంతితే అనుమానించండి. 35 ఎం.ఎం. ప్రింటు పట్టీ మీద శబ్దం దాని బొమ్మకన్నా దాదాపు 20 ఫ్రేములు ముందుంటుంది. అంటే ముప్పావు సెకనుకు పైనే. పూర్తయిన ప్రింటులో మాటను కత్తిరిస్తే శబ్దం పోతుంది గానీ దాని తాలూకు పెదాల కదలిక కొంత మిగిలిపోతుంది. శబ్దం, బొమ్మ ఒకేచోట శుభ్రంగా తెగాయంటే, కోత ప్రింటు వేయకముందే పడి ఉండొచ్చు.

అపోహ: యుద్ధకాలంలో నిర్మాతల మెడకు పడిన ఉరి సెన్సారే.

వాస్తవం: నా లెక్కలో ముడి ఫిల్ము, అంటే ఇంకా వాడని ఖాళీ ఫిల్ముకు పెట్టిన కోటా, అంతకన్నా పెద్ద ఉరి. మాటలను ఏమార్చి దాటించొచ్చు: 1943 నాటి ‘కిస్మత్’లో పరాయివాళ్లను పొమ్మనే పాటలో కవి ప్రదీప్ జర్మనీ, జపాన్ వాళ్ల పేర్లు చేర్చారు, కాగితం మీద అది యుద్ధ ప్రచారం, హాల్లో జనానికి అర్థమైంది వేరు. ఫిల్ము కోటాను ఏ మాటతో దాటిస్తారు? సినిమా నిడివికి 11,000 అడుగులు, ట్రైలరుకు 400 అడుగులు హద్దు పెట్టారు. నిమిషానికి 90 అడుగుల చొప్పున సినిమా రెండు గంటల పైచిలుకు. పైగా 1943 నుంచి ప్రతి ఆటకూ సర్కారు ఆమోదించిన చిత్రాలు 2,000 అడుగుల దాకా వేసి తీరాలి. అంటే 22 నిమిషాలు.