కారుకు డీఆర్‌ఎల్ బిగిస్తున్నారా? ముందు ఈ అపోహలు వదలండి

విజయవాడ ఆటోనగర్‌లో కార్ల ఎలక్ట్రికల్ పని చేసేవాళ్లకు అంతుచిక్కని ఫిర్యాదులు కొన్ని తరచుగా వస్తుంటాయి. కీ తీసేసినా మీటరు బోర్డులో ఒక దీపం సన్నగా వెలుగుతూనే ఉంటుంది. రెండు రోజులు కదపకపోతే బండి స్టార్ట్ కాదు. హెడ్‌లైటు వేయగానే ఎక్కడో రిలే, అంటే కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్, టకటకమని కొట్టుకుంటుంది. ఇలాంటి బండికి బానెట్ ఎత్తి చూస్తే, చాలాసార్లు బయట కొని బిగించుకున్న డీఆర్‌ఎల్ (డేటైమ్ రన్నింగ్ లైట్, అంటే పగటిపూట బండి ముందు వెలిగే దీపం) తీగలే కనిపిస్తాయి. లైటులో లోపం ఉండదు. దానికి కరెంటు ఎక్కడి నుంచి తీసుకున్నారు, ఆరిపొమ్మని చెప్పే తీగను ఎక్కడ కలిపారు అన్న రెండు చోట్లే తేడా జరిగి ఉంటుంది. డీఆర్‌ఎల్‌ను వెలిగించడం ఎవరికైనా చేతనవుతుంది. సరైన వేళకు ఆరేలా చేయడంలోనే పనితనం ఉంది. ఈ విషయంలో జనం నమ్ముతున్నవి, కొందరు మెకానిక్‌లు కూడా నమ్ముతున్నవి, ఒక్కొక్కటిగా చెబుతాను.

అపోహ: డీఆర్‌ఎల్ అంటే బండికి అందం, అంతే.

వాస్తవం: పగటి వెలుతురులో ఎదుటివాళ్లకు మన బండి త్వరగా కనిపించడం కోసం పుట్టిన దీపం ఇది. పగలు కూడా దీపాలు వేసుకునే నడపాలని స్వీడన్ 1977లోనే నిబంధన పెట్టింది. కొత్తగా ఆమోదం పొందే కారు మోడళ్లకు ప్రత్యేక డీఆర్‌ఎల్ ఉండాలని ఐరోపా సమాఖ్య 2011 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి చేసింది. మన దేశంలో కార్లకు ఆ నిర్బంధం లేదు. ద్విచక్ర వాహనాలకు మాత్రం ఇంజిను నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలిగే పద్ధతి 2017 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. రెండింటి ఉద్దేశమూ ఒకటే.

అందుకే దానికి కొలతలున్నాయి. ఐక్యరాజ్యసమితి 87వ వాహన నిబంధన ప్రకారం డీఆర్‌ఎల్ కాంతి ముందువైపు నడిమధ్యన 400 క్యాండెలాలకు (ఒక దిశలో పడే కాంతి తీవ్రతకు కొలత) తగ్గకూడదు, ఏ దిశలోనూ 1200 దాటకూడదు. రంగు తెలుపే. నేల నుంచి 25 సెంటీమీటర్లకు తక్కువ ఎత్తులో గానీ, మీటరున్నరకు పైన గానీ బిగించకూడదు. బజారులో దొరికే ప్యాకెట్ల మీద వాట్లు మాత్రమే రాసి ఉంటాయి. అది ఎంత కరెంటు తింటుందో చెప్పే లెక్క. ఎదుటివాళ్ల కంటికి ఎంత కాంతి చేరుతుందో అందులో తెలియదు.

అపోహ: ఎల్‌ఈడీ తినే కరెంటు ఎంత? నేరుగా బ్యాటరీకి కలిపేయవచ్చు.

వాస్తవం: నడుస్తున్న బండికి అది లెక్కలోకి రాదన్నది నిజమే. రెండు లైట్లూ కలిపి సుమారు ఒక ఆంపియర్ లాగుతాయి. ఒక్క హాలోజెన్ హెడ్‌లైటు బల్బు 55 వాట్లతో నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది కాబట్టి ఇంజినుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరుకు ఇది భారమే కాదు. చిక్కు బండి ఆగాక మొదలవుతుంది. చిన్న కార్లలో సాధారణంగా 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉంటుంది, అంటే గంటకు ఒక ఆంపియర్ చొప్పున లాగితే సుమారు 35 గంటలు వస్తుంది. ఆర్పడం మరచి, రైల్వే స్టేషన్ దగ్గర బండి నిలిపి తిరుపతి వెళ్లారనుకోండి. ఒక్కరోజుకే 24 ఆంపియర్ అవర్లు ఖర్చయిపోతాయి. దర్శనం చేసుకుని రెండో రోజు వచ్చేసరికి స్టార్టర్ తిరగదు. పైగా కారు బ్యాటరీ అంతగా ఖాళీ కావడానికి తయారైనది కాదు. అలా నాలుగైదుసార్లు జరిగితే దాని ఆయుష్షే తరిగిపోతుంది.

దీనికి విరుగుడుగా కొన్ని కిట్లలో చిన్న పెట్టె ఒకటి వస్తుంది. దాన్ని బ్యాటరీకే కలుపుతారు. ఇంజిను నడుస్తుంటే వోల్టేజి 13.8 నుంచి 14.4 దాకా ఉంటుంది, ఆగితే 12.6కు దిగుతుంది. ఆ తేడాను బట్టి పెట్టె లైటును వెలిగిస్తుంది, ఆర్పుతుంది. పాత బండ్లలో ఇది బాగానే పనిచేస్తుంది. ఇప్పటి బండ్లలో చాలావాటికి ఇంధనం ఆదా చేయడం కోసం ఆల్టర్నేటరు వోల్టేజిని కంప్యూటరే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. దాంతో జాతీయ రహదారి మీద పోతుండగానే డీఆర్‌ఎల్ ఆరిపోయి, కొంతసేపటికి మళ్లీ వెలుగుతుంది. లైటు పాడైందనుకుని మార్పించుకున్నవాళ్లు ఉన్నారు. అది లైటు తప్పు కాదు, పెట్టెను మోసం చేసిన వోల్టేజిది.

ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నప్పుడే కరెంటు వచ్చే ఫ్యూజు నుంచి తీసుకోవడం మంచి దారి. ఫ్యూజు పెట్టెలోనే కూర్చునే ఫ్యూజ్ ట్యాప్‌లు దొరుకుతాయి. తీగ కోయనక్కరలేదు. అయితే ఎయిర్‌బ్యాగు, బ్రేకుల ఏబీఎస్, ఇంజిను కంప్యూటర్ ఫ్యూజుల జోలికి వెళ్లవద్దు. పసుపుపచ్చ తొడుగు ఉన్న తీగలు ఎయిర్‌బ్యాగువి. వాటి మీద బల్బు ఉన్న టెస్ట్ ల్యాంప్ పెట్టడం కూడా ప్రమాదమే. ఎక్కడ కరెంటు ఉందో చూడాలంటే మల్టీమీటరు వాడాలి. ఎలక్ట్రిక్ కార్లకూ ఇదే వర్తిస్తుంది. వాటిలోనూ లైట్లకు కరెంటు ఇచ్చేది విడిగా ఉండే 12 వోల్టుల వ్యవస్థే. నారింజ రంగు తీగలను మాత్రం తాకకూడదు. వాటిలో ప్రాణం తీసే వోల్టేజి ఉంటుంది.

అపోహ: ఒక ఆంపియర్ లైటుకు ఫ్యూజు ఎందుకు?

వాస్తవం: ఫ్యూజు కాపాడేది తీగను. లైటు లాగేది ఒక ఆంపియరే కావచ్చు. ఆ తీగ ఎక్కడైనా రేకుకు రాసుకుని తోలు లేచి షార్ట్ అయితే, బ్యాటరీ వందల ఆంపియర్లను దానిలోకి నెడుతుంది. క్షణాల్లో తీగ ఎర్రగా కాలి, పక్కనున్న కంపెనీ హార్నెస్‌ను (తీగల కట్టను) కూడా తగలబెడుతుంది. అందుకని ఫ్యూజు కరెంటు తీసుకున్న చోటుకు ఆనుకునే ఉండాలి. కొన్ని కిట్లలో ఫ్యూజు లైటు దగ్గర ఉంటుంది. అప్పుడు బ్యాటరీ నుంచి అక్కడి దాకా ఉన్న తీగకు రక్షణే లేదు. ఒక ఆంపియర్ లైట్లకు 3 ఆంపియర్ల ఫ్యూజు చాలు. అది పదేపదే పోతుంటే 15 వేయడం, వెండికాగితం చుట్టడం చేయకండి. ఎక్కడో తీగ నలుగుతోందని ఫ్యూజు చెబుతోంది. ఆ చోటు వెతకాలి.

అపోహ: పార్కింగ్ లైటు తీగకు కలిపేస్తే పని సులువు.

వాస్తవం: ఈ పొరపాటు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సగం ఫిర్యాదులకు మూలం ఇదే. పార్కింగ్ లైటుకు కలిపితే ఆ స్విచ్ వేసినప్పుడే వెలుగుతుంది. పగలు ఎవరూ వేయరు, కాబట్టి డీఆర్‌ఎల్ పేరుకే మిగులుతుంది. దాన్ని సరిచేద్దామని అదే లైటుకు ఇగ్నిషన్ నుంచి ఇంకో తీగ తెచ్చి కలుపుతారు. ఇప్పుడు ఇగ్నిషన్ వేస్తే ఆ కరెంటు వెనక్కి ప్రవహించి పార్కింగ్ లైట్లను, మీటరు బోర్డు దీపాలను వెలిగిస్తుంది. పార్కింగ్ లైటు వేసి కీ తీస్తే, అటు నుంచి ఇగ్నిషన్ సర్క్యూట్లోకి పారుతుంది. కీ తీసినా దీపం ఆరకపోవడం వెనుక ఉన్న రహస్యం ఇదే.

దీనికి ఐదు కాళ్ల రిలే చక్కటి పరిష్కారం. రిలే అడుగున 30, 85, 86, 87, 87ఎ అని అంకెలుంటాయి. ఇగ్నిషన్ ఫ్యూజు నుంచి వచ్చే తీగ 30కి. లైట్లకు వెళ్లే తీగ 87ఎకి. పార్కింగ్ లైటు ప్లస్ తీగ 86కి. 85 ఎర్త్‌కి, అంటే బండి బాడీ రేకుకి. 87ను ఖాళీగా వదిలి, బయటకు తగలకుండా మూసేయాలి. రిలే విశ్రాంతిలో ఉన్నప్పుడు 30, 87ఎ కలిసే ఉంటాయి కాబట్టి ఇగ్నిషన్ వేయగానే డీఆర్‌ఎల్ వెలుగుతుంది. లైట్ల స్విచ్ తిప్పగానే రిలే లాగి ఆ బంధం తెంపేస్తుంది, డీఆర్‌ఎల్ ఆరిపోతుంది. రెండు సర్క్యూట్లు ఒకదాన్నొకటి ముట్టుకోవు. నాలుగు కాళ్ల రిలేలో 87ఎ ఉండదు కనుక అది ఈ పనికి రాదు. రిలేను లాగే తీగచుట్ట అయిన కాయిల్‌కు అడ్డంగా లోపలే డయోడు (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) గానీ రెసిస్టరు (కరెంటును అడ్డుకునేది) గానీ ఉన్న రిలే తీసుకోండి. కాయిల్ వదిలినప్పుడు పుట్టే వోల్టేజి పోటు బండి కంప్యూటర్ దాకా వెళ్లదు. డయోడు ఉన్న రకమైతే 86 ప్లస్, 85 మైనస్ తారుమారు కాకూడదు.

కొత్త బండ్లలో మరో సంగతి. లైట్లను స్విచ్ నేరుగా కాకుండా బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే కంప్యూటర్ నడుపుతుంది. కొన్నిటిలో అది కరెంటును సెకనుకు ఎన్నోసార్లు తెంచి కలుపుతూ కాంతిని అదుపు చేస్తుంది. ఆ తీగను 86కు కలిపితే రిలే టకటకలాడుతుంది. మాడ్యూల్ ఇచ్చే ప్రతి దారికీ కరెంటు పరిమితి కూడా ఉంటుంది. దాటితే ఆ దారిని మూసేస్తుంది, మీటరులో బల్బు హెచ్చరిక చూపిస్తుంది. అలాంటి బండికి ఆ మోడల్ కోసం తయారైన, తీగ కోయకుండా కంపెనీ సాకెట్లలోనే గుచ్చుకునే కప్లర్ కిట్ దొరికితేనే బిగించుకోండి. దొరక్కపోతే మానుకోవడం మేలు. గిరాకీ పోతుందని తెలిసీ నేను ఇదే మాట చెబుతాను.

అపోహ: కాన్‌బస్ అని రాసి ఉంటే ఏ బండికైనా సరిపోతుంది.

వాస్తవం: కాన్‌బస్ అంటే బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగల దారి. ఆ పేరు రాసిన చాలా కిట్లలో ఉండేది ఒక రెసిస్టరు. బండి కంప్యూటర్‌తో అది మాట్లాడదు. అదనపు కరెంటు లాగి, బల్బు ఉన్నట్టు నమ్మిస్తుంది. లాగినదంతా వేడిగా మారుతుంది. ఇండికేటర్ల కోసం విడిగా అమ్మే 6 ఓముల రెసిస్టరు వెలిగినంతసేపు 30 వాట్ల దాకా వేడి పుట్టిస్తుంది. దాన్ని ప్లాస్టిక్ బంపరుకు అతికించకూడదు, రేకుకే బిగించాలి.

అపోహ: ఎర్త్ తీగ ఎక్కడ బిగించినా ఒకటే, బ్యాటరీ మైనస్ అయితే ఇంకా మంచిది.

వాస్తవం: పెయింటు మీద బిగించిన ఎర్త్, ఎర్త్ కాదు. కంపెనీ ఎర్త్ బోల్టు ఉన్న చోటు చూసుకుని, రింగ్ టెర్మినల్ వేసి బిగించాలి. స్టార్ట్-స్టాప్ (బండి ఆగినప్పుడు ఇంజిను దానంతటదే ఆగి, మళ్లీ స్టార్ట్ అయ్యే ఏర్పాటు) ఉన్న బండ్లలో బ్యాటరీ మైనస్ దగ్గర ఒక సెన్సర్ ఉంటుంది. బ్యాటరీలోకి, బయటకు ఎంత కరెంటు పోతోందో అది కొలుస్తుంది. మీ తీగను నేరుగా బ్యాటరీ మైనస్ మీద బిగిస్తే ఆ కరెంటు సెన్సర్ లెక్కలోకి రాదు. ఛార్జింగ్ అంచనా తప్పుతుంది. బాడీకే ఇవ్వండి.

అపోహ: ఇంటి వైరు లావుగా ఉంటుంది, అది వేస్తే గట్టి పని.

వాస్తవం: ఇంటి వైరు తోలు సాధారణంగా 70 డిగ్రీల వేడికి తగినది. ఇంజిను గదిలో వాడే ఆటో వైరు 105 డిగ్రీలను తట్టుకుంటుంది. మే నెలలో మన ఊళ్లో బయటే 45 దగ్గర ఉంటే రేడియేటరు పక్కన ఎంత ఉంటుందో ఊహించండి. నల్ల ఇన్సులేషన్ టేపు ఆ వేడికి జిగురు కారి ఊడిపోతుంది. తీగలు మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్ల సంగతి 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు స్పష్టంగా కనిపించింది. సింగ్‌నగర్ వైపు నీళ్లలో నానిన బండ్లలో అలాంటి జాయింట్లు పచ్చగా చిలుము పట్టి, చేత్తో లాగితే తెగిపోయాయి. జాయింట్‌ను సరైన పనిముట్టుతో క్రింప్ చేసి (నొక్కి బిగించి), లోపల జిగురున్న, వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ స్లీవు వేయాలి. టంకం పెడితే చాలనుకుంటారు. కానీ కుదుపులకు టంకం ఆగిన అంచు దగ్గరే తీగ విరుగుతుంది.

అపోహ: డీఆర్‌ఎల్ ఉందిగా, మసక వేళ హెడ్‌లైటు అక్కరలేదు.

వాస్తవం: నన్ను భయపెట్టేది ఇదొక్కటే. డీఆర్‌ఎల్ వెలుగుతున్నప్పుడు వెనుక లైట్లు వెలగవు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున గుంటూరు నుంచి మంగళగిరి మీదుగా వస్తుంటే పొలాల మీది మంచు రోడ్డుకు అడ్డంగా దిగుతుంది. ముందు తెల్లటి దీపాలు, మీటరు బోర్డులో వెలుతురు చూసి లైట్లు వేసి ఉన్నాయనే ధీమాతో నడిపేవాళ్లున్నారు. వెనుక వచ్చే లారీకి ఆ కారు ఆనవాలే ఉండదు. మంచులో, వానలో, పొద్దు వాలాక స్విచ్ తిప్పి హెడ్‌లైటు వేయాల్సిందే. ఇక రాత్రిపూట హెడ్‌లైటుతో పాటు డీఆర్‌ఎల్ పూర్తి కాంతితో వెలిగితే ఎదుటివాళ్ల కళ్లు చెదురుతాయి. హెడ్‌లైటు లో బీముకు పైకి పోకుండా కాంతిని కోసే గీత ఉంటుంది. డీఆర్‌ఎల్‌కు అది లేదు. వారధి మీద ఎదురుగా వచ్చే బైకు మనిషికి ఆ క్షణం రోడ్డు కనిపించదు. రిలే పెట్టమని అంతగా పట్టుబట్టేది అందుకే.

అపోహ: ఏ రంగు వేసుకున్నా అడిగేవారు లేరు.

వాస్తవం: కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 108వది వాహనం ముందుకు ఎరుపు దీపం చూపడాన్ని నిషేధిస్తోంది. ఎరుపు, నీలం మెరుపులు వద్దు. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహన చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. వారంటీ విషయంలోనూ కంపెనీ హార్నెస్‌ను కోస్తే, ఆ సర్క్యూట్లో వచ్చే లోపానికి కంపెనీ బాధ్యత తీసుకోకపోవచ్చు. మీ బండి వారంటీ పుస్తకంలో ఆ పేజీ చదివాకే పని మొదలుపెట్టించండి.

పని అయ్యాక డబ్బు ఇచ్చే ముందు మెకానిక్ ఎదుటే నాలుగు పరీక్షలు చేయించుకోండి. ఇగ్నిషన్ వేస్తే వెలగాలి. లైట్ల స్విచ్ తిప్పితే ఆరాలి. కీ తీశాక ఆరిపోవాలి, మీటరు బోర్డులో ఏదీ మిగలకూడదు. తలుపులు మూసి, బండి కంప్యూటర్లు నిద్రపోయేదాకా ఆగి, బ్యాటరీ మైనస్‌కు వరుసలో మల్టీమీటరు పెడితే కరెంటు 50 మిల్లీఆంపియర్లకు మించకూడదు. అలాగే మీ కొత్త ఫ్యూజు ఎక్కడుందో, ఎన్ని ఆంపియర్లదో ఒక చీటీ మీద రాయించి ఫ్యూజు పెట్టె మూత లోపల అతికించమనండి. రేపు మరో ఊళ్లో మరో మెకానిక్ ఆ మూత తీసినప్పుడు తీగలన్నీ లాగి చూడాల్సిన అవసరం ఉండదు.