లాన్యార్డ్ ముడికి గమ్ ఎందుకు? అపోహలు – వాస్తవాలు

"ముడి ఊడిపోతోంది, ఏ గమ్ వేయమంటారు?" జేబు కత్తులకు లాన్యార్డ్‌లు, అంటే కత్తిని పట్టి లాగే పొట్టి తాళ్లు, కట్టేవాళ్లను హైదరాబాద్‌లో ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ఆ తాడును చేతిలోకి తీసుకోగానే సంగతి అర్థమవుతుంది. డైమండ్ నాట్ (రెండు కొసలు అల్లి వేసే గుండ్రటి ముడి) ఒక పక్క ఉబ్బి, ఇంకో పక్క లోపలికి పీక్కుపోయి ఉంటుంది. కొసలు నల్లగా మాడి ఉంటాయి. పైన సూపర్ గ్లూ వదిలిన తెల్లటి పొర. ఇక ఏ గమ్ మార్చినా అది నిలవదు. లోపం ముడి బిగించిన తీరులో ఉంది.

అపోహ: రెండు కొసలూ పట్టుకుని బలంగా లాగితే ముడి బిగుస్తుంది

అందరికీ ఎక్కువ నష్టం తెచ్చేది ఇదే. కొసను లాగినప్పుడు ఆ బలం దగ్గరున్న ఒకటి రెండు మలుపుల దాకే వెళ్తుంది. అక్కడ తాడు మీద తాడు పడి నొక్కేస్తుంది. ఆ పైన ఎంత లాగినా లోపలి మలుపులకు ఏమీ చేరదు. పైకి రాయిలా ఉంటుంది, లోపల డొల్ల. రోజూ జేబులో రాసుకునే కొద్దీ ఆ వదులు మెల్లగా బయటికి వస్తుంది, ముడి విచ్చుకుంటుంది, ఒకరోజు తాడు మాత్రమే చేతికొస్తుంది. కత్తి ఏ ఆటోలోనో ఉండిపోతుంది.

వాస్తవం: డైమండ్ నాట్‌ను లాగి బిగించరు, వదులు తోడేస్తారు. కట్టడం ఎలాగో తెలిసినవాళ్లకే చెబుతున్నాను కాబట్టి క్యారిక్ బెండ్ (రెండు కొసలూ ఒకదానిలో ఒకటి అల్లుకునే చదును ముడి, డైమండ్ నాట్‌కు మొదటి మెట్టు) దాకా మీదే బాధ్యత. ఒక్కటి మాత్రం సరిచూసుకోండి: రెండు కొసలూ ఒకే దిశలో తిరగాలి. ఒక్కోటి పక్కనున్న ఉచ్చు కాలును (ఉచ్చులో ఒక వైపు తాడును) బయటినుంచి చుట్టి, అడుగునుంచి నడిమి కంతలోకి పైకి రావాలి. ఒకటి ఇటూ ఒకటి అటూ తిరిగితే ఎంత బిగించినా ముడి వంకరే.

ఆ తర్వాత ఉచ్చును ఒక చేత్తో, కొసలను ఇంకో చేత్తో పట్టుకుని కొద్దికొద్దిగా లాగుతూ ముడిని బొటనవేలి గోరంత సైజుకు తెచ్చి ఆగండి. ఇంకా మెత్తగానే ఉండాలి. మలుపులు నాలుగు వైపులా సమంగా కనిపించేలా వేళ్లతో గుండ్రంగా సర్దండి. ఇక్కడ సర్దని వంకర తర్వాత పోదు.

ఇప్పుడు మొద్దు మొన ఉన్న ఉన్ని సూది తీసుకోండి. ఉచ్చు ఒక కాలు దగ్గర మొదలుపెట్టి, ముడిలోకి వెళ్లే తాడును మొదటి మలుపు దగ్గర సూదితో పైకి లేపి 3, 4 మిల్లీమీటర్ల వదులు బయటికి లాగండి. ఆ వదులును అదే తాడు తర్వాతి మలుపులోకి, అక్కడినుంచి ఆ తర్వాతి దానిలోకి తోసుకుంటూ వెళ్తే చివరికి కొస దగ్గర బయటపడుతుంది. రెండో కాలుతోనూ అంతే. ఇది ఒక చుట్టు. ఒకే చుట్టులో మొత్తం వదులు తీసేయాలన్న తొందర పనికిరాదు. ఒక పక్క ఎక్కువ తీస్తే ఆ మలుపు లోపలికి మునిగిపోతుంది, పక్కది ఉబ్బుతుంది. 4 మిల్లీమీటర్ల నైలాన్ పారాచూట్ తాడుకు, అంటే పారాకార్డ్‌కు రెండు మూడు చుట్లు చాలు. 2 మిల్లీమీటర్ల తాడుకు ఇంకో చుట్టు పట్టొచ్చు. ముడి కత్తికి దూరంగా నిలిచిపోతే ఇదే పని ఉచ్చు దగ్గర మొదలుపెట్టి ముడినే కత్తి వైపు నడిపించవచ్చు. విప్పి మళ్లీ కట్టనక్కర్లేదు.

పరీక్ష తేలిక. ముడిని రెండు వేళ్ల మధ్య దొర్లించండి. ఏ మలుపైనా గోటితో లేస్తే అక్కడ వదులు ఉన్నట్టే. సూది పెట్టండి, గమ్ కాదు.

అసలు గమ్ ఎందుకు వద్దంటే, సూపర్ గ్లూ ఎండాక గాజులా పెళుసుగా ఉంటుంది. నైలాన్ వంగే గుణమున్నది. రెండూ కలిసినచోట తాడు గట్టిపడుతుంది, వంగినప్పుడల్లా ఆ అంచు దగ్గర పొర పగులుతుంది. పైగా గమ్ పడ్డ ముడిలో ఇక వదులు తీయలేరు. సరిచేయగలిగిన లోపం శాశ్వతమైపోతుంది. కత్తి పివట్‌లోకి (బ్లేడ్ తిరిగే ఇరుసులోకి) చుక్క జారితే ఆ గోల వేరే.

ఇప్పటికే గమ్ వేసేశామని కంగారు పడేవాళ్లు చాలామంది. కత్తికేం కాలేదు. ఆ తాడు కోసేసి కొత్తది తెచ్చుకోండి, పోయేది మీటరు తాడే.

అపోహ: కొసలను బాగా కాల్చేస్తే ముడి ఊడదు

వేడి కొస పోగులు విడకుండా ఆపుతుంది, ముడిని పట్టదు. సరిగా బిగిసిన ముడి దగ్గర కొసను 4, 5 మిల్లీమీటర్లు వదిలి కోయండి. లైటర్ మంట అడుగున నీలంగా ఉండే భాగానికి పక్కగా, తగలకుండా, రెండు మూడు సెకన్లు చూపండి. మెరుస్తూ కరగగానే స్పూన్ వెనకవైపుతో ముడి మీదికి నొక్కండి. వేలితో మాత్రం వద్దు. కరిగిన నైలాన్ చర్మానికి అతుక్కుని లోతుగా కాలుస్తుంది, ఊడదీయడం కష్టం. కొస నల్లబడిందంటే మంట ఎక్కువైందని, ఆ గడ్డ పెళుసు, కొన్నాళ్లకు రాలిపోతుందని అర్థం. నూలు, పట్టు దారాలు కరగవు, కాలి బూడిదవుతాయి. వాటి కొసను సన్నదారంతో చుట్టి కట్టాలి. నగలకు దారం అల్లే పాతబస్తీ పట్వాల చేతిపని ఒకసారి చూడండి, మంట లేకుండా కొస ఎంత శుభ్రంగా ముగించవచ్చో తెలుస్తుంది.

అపోహ: 550 తాడు కాకపోతే బలం చాలదు

550 అంటే టైప్ 3 పారాకార్డ్ మోయాల్సిన కనీస బరువు, పౌండ్లలో. కిలోల్లో సుమారు 249. లోపల 7 నుంచి 9 పోగులుంటాయి. ముడి వేస్తే తాడు బలం తగ్గుతుంది, సగానికి పడినా మీ కత్తి బరువు 100 గ్రాముల అటూ ఇటే. బలం గురించి దిగులు వద్దు, కత్తి పిడిలో తాడు దూర్చే కంత సైజు చూసుకోండి. మడిచిన 4 మిల్లీమీటర్ల తాడు చాలా కంతల్లో పట్టదు. లోపలి పోగులు లాగేస్తే తొడుగు చదునై దూరుతుంది, కానీ ముడి కూడా మెత్తబడుతుంది. నా సలహా 2 మిల్లీమీటర్ల తాడే. తాడు మడతలోకి కుట్టుదారం వేసి కంతలోంచి లాగితే ఇట్టే దూరుతుంది.

బేగంబజార్‌లో కొన్నా ఆన్‌లైన్‌లో తెప్పించినా పారాకార్డ్ పేరుతో పాలీప్రొపిలీన్ రావొచ్చు. చిన్న ముక్క కోసి, నీళ్ల లోపల వేళ్లతో పిండి గాలి పోగొట్టి వదలండి. తేలితే పాలీప్రొపిలీన్, మునిగితే నైలాన్ లేదా పాలిస్టర్. పాలీప్రొపిలీన్ నున్నగా జారుతుంది, ఎండకు త్వరగా పెళుసెక్కుతుంది. నైలాన్‌నైనా కట్టే ముందు వేడినీళ్లలో ముంచి ఆరబెట్టండి. కొత్త తాడు తడిస్తే కాస్త కుంచించుకుంటుంది, అదేదో ముడి వేయకముందే అయిపోతే మంచిది.

అపోహ: అరమీటరు తాడు సరిపోతుంది

సరిపోదు. కోబ్రా అల్లికకు (నడిమి తాళ్ల చుట్టూ వరసగా వేసే సగం ముళ్లకు) అంగుళానికి ఇంచుమించు అడుగు తాడు పోతుంది. 4 మిల్లీమీటర్ల తాడులో ఒక్క డైమండ్ నాట్ రెండు కొసలూ కలిపి సుమారు 20 సెంటీమీటర్లు తింటుంది, లాగడానికి ఒక్కో కొసన మరో 10 మిగలాలి. పది సెంటీమీటర్ల స్నేక్ నాట్ అల్లికకు (రెండు కొసలను ఒకదాని చుట్టూ ఒకటి తిప్పి వేసే ముళ్ల వరసకు) మీటరున్నర కోయండి. పొట్టిగా కోసిన తాడుతో చివరి ముడి దగ్గర పడే పాట్లు చూడలేం.

మిగతావి గబగబా. కోబ్రా మెలితిరిగిపోతే తాడు నాసిరకమని కాదు, ప్రతి సగం ముడీ ఒకే వైపునుంచి మొదలుపెడుతున్నారు. ఒకసారి ఎడమ, ఒకసారి కుడి మార్చండి. మాక్రమే (తాళ్ల ముళ్లతో చేసే అల్లిక) నేర్చుకున్నవాళ్లకు ఇది చదరపు ముడే, కొత్తగా నేర్వాల్సిందేమీ లేదు. ఎడమచేతివాళ్లు బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పుకుంటే చాలు. బరువైన లోహపు పూస అందమే, కానీ కత్తి పిడికి తగిలి గీతలు పెడుతుంది. లాన్యార్డ్ ఎంత పొడుగైతే అంత వాటం అనుకోవద్దు. జేబులోంచి కత్తి లాగడానికి 6 నుంచి 8 సెంటీమీటర్లు చాలు. అంతకు మించితే స్కూటర్ హ్యాండిల్‌కు తగులుకుంటుంది, లేదా బ్లేడ్ మూసేటప్పుడు మధ్యలో పడి తెగుతుంది. మణికట్టుకు వేసుకుంటే భద్రమన్నది ఇంకో పుకారు. చేయి జారిన తెరిచిన కత్తి ఊగి మీ మీదికే వస్తుంది.

లాన్యార్డ్ కట్టినంత మాత్రాన కత్తి కీచైన్ అయిపోదు కూడా. శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్తుంటే చేతిసంచిలోంచి తీసి చెక్ఇన్ లగేజీలో పెట్టండి.