హీట్ పంప్, సోలార్ బ్యాటరీ: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

"బ్యాటరీ ఎంత పెద్దది పెట్టించమంటారు?" సోలార్ ప్యానెళ్లతోపాటు ఇంటికి హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని కరెంటుతో లోపలికి తెచ్చి ఇంటిని, నీళ్లను వేడిచేసే యంత్రం) పెట్టించుకోవాలనుకునేవారు నన్ను ముందుగా అడిగేది ఇదే. "బాగా చలిగా ఉన్న రోజున మీ ఇంట్లోంచి ఎంత వేడి బయటికి పోతుంది?" అని నేను ఎదురు ప్రశ్న వేస్తాను. చాలామందికి ఆ లెక్క ఎవరూ వేసి ఇచ్చి ఉండరు. కొటేషన్ మాత్రం చేతిలో ఉంటుంది.

అపోహ: పైకప్పు నిండా ప్యానెళ్లు, కింద ఒక బ్యాటరీ ఉంటే చలికాలమంతా కరెంటు బిల్లు ఉండదు.

కాగితం తీసి లెక్క వేద్దాం. గడ్డకట్టే చలిలో ఇల్లు గంటకు సగటున 5 యూనిట్ల వేడి పోగొట్టుకుంటుందనుకోండి. రోజుకు 120 యూనిట్లు. అంత చలిలో హీట్ పంప్ ఒక యూనిట్ కరెంటుకు రెండున్నర యూనిట్ల వేడి అందిస్తుందనుకుంటే, 48 యూనిట్ల కరెంటు కావాలి. 10 యూనిట్ల బ్యాటరీ నిండుగా ఉన్నా ఐదు గంటల్లో ఖాళీ. దాన్ని మళ్లీ నింపాల్సిన ఎండ ఆ రోజుల్లోనే తక్కువ: పగలు చిన్నది, పొద్దు వాలుగా ఉంటుంది, ఆపైన మబ్బు. బ్యాటరీ మధ్యాహ్నపు కరెంటును రాత్రికి దాచగలదు గానీ వేసవి కరెంటును చలికాలానికి దాచలేదు. చలి ఓ మోస్తరుగా ఉండి, ఎండ కాసే నెలల్లోనే ఈ జత అసలు సత్తా చూపిస్తుంది. రాత్రి పూట కరెంటు చౌకగా దొరికే చోట, ఎండ లేకపోయినా బ్యాటరీని ఆ వేళ నింపుకొని ఖరీదైన గంటల్లో వాడుకోవచ్చు. చలికాలంలో నేను బ్యాటరీ నుంచి ఆశించేది అంతవరకే.

అపోహ: బయట చలిగా ఉంటే గాలిలో వేడెక్కడిది? హీట్ పంప్ కూడా చివరికి కరెంటు హీటరే.

కాదు. హీటర్ వేడిని పుట్టిస్తుంది, హీట్ పంప్ ఉన్న వేడిని మోసుకొస్తుంది. కొత్త యంత్రాలు కొన్నింటిలో ఆ వేడిని మోయడానికి వాడే ప్రొపేన్ వాయువు మామూలు పీడనంలో మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. అలాంటి పదార్థానికి మైనస్ 10 డిగ్రీల గాలి కూడా వేడిగాలి కిందే లెక్క. చలి పెరిగేకొద్దీ వేడిని మోసుకురావడం కష్టమవుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది. అందుకే పైన లెక్కలో, ఒక యూనిట్ కరెంటుకు చలి తక్కువున్న రోజుల్లోలా మూడున్నర యూనిట్ల వేడి కాకుండా రెండున్నరే వేసుకున్నాను.

అపోహ: బ్యాటరీ ఉంది కాబట్టి కరెంటు పోయినా ఇల్లు వెచ్చగానే ఉంటుంది.

ఈ మాట నమ్మి, నేనే ఒక ఇంట్లో తలవంపులు తెచ్చుకున్నాను. వృత్తిలోకి వచ్చిన కొత్తలో, హీట్ పంప్ మొత్తాన్నీ బ్యాకప్ లైనుకు, అంటే కరెంటు పోతే బ్యాటరీతో నడిచే లైనుకు, కలిపేశాను. మొదటిసారి రాత్రి కరెంటు పోయినప్పుడు బ్యాటరీలో ఎనభై శాతం చార్జి ఉంది. అయినా ఇల్లంతా చీకటి. వెళ్లి చూస్తే, హీట్ పంప్ లోపల సహాయంగా ఉండే 6 కిలోవాట్ల హీటర్ రాడ్ ఆన్ అయింది. బ్యాటరీ కరెంటును ఇంటికి అందించే ఇన్వర్టర్ ఇవ్వగలిగేది 5 కిలోవాట్లు. అది ఓవర్‌లోడై ఆగిపోయింది. బ్యాటరీలో ఎంత నిల్వ ఉందన్నది ఒక లెక్క, ఒకేసారి ఎంత ఇవ్వగలదన్నది వేరే లెక్క. తొట్టి ఎంత పెద్దదైనా కుళాయి సన్నగా ఉంటే నీళ్లు సన్నగానే వస్తాయి. ఇప్పుడు ఆ రాడ్‌ను బ్యాకప్ లైనుకు కలపను. కంప్రెసర్ పాత పద్ధతిలో ఒక్కసారిగా మొదలయ్యేదా, నెమ్మదిగా వేగం అందుకునే ఇన్వర్టర్ రకమా అని కూడా చూస్తాను. పాతరకానిది ఆ మొదటి క్షణంలో మామూలు కంటే ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. ఇంకో సంగతి: గ్రిడ్‌కు (బయటి నుంచి వచ్చే కరెంటు లైనుకు) కలిపిన సాధారణ సోలార్ ఇన్వర్టర్, లైన్లమీద పనిచేసేవారి భద్రత కోసం, గ్రిడ్ పోగానే తానూ ఆగిపోతుంది. బ్యాకప్ సదుపాయం కావాలంటే దాన్ని ప్రత్యేకంగా అడిగి పెట్టించుకోవాలి.

అపోహ: దాచుకోవడమంటే బ్యాటరీలోనే.

వేడినీళ్ల ట్యాంకును ఎవరూ లెక్కలోకి తీసుకోరు, అదే నాకు చిరాకు. 200 లీటర్ల నీటిని 15 నుంచి 50 డిగ్రీలకు తేవడానికి దాదాపు 8 యూనిట్ల వేడి పడుతుంది. హీట్ పంప్ ఆ పని మూడు యూనిట్ల లోపు కరెంటుతో చేయగలదు. అంటే మధ్యాహ్నపు ఎండలో ట్యాంకు కాచుకున్నవారు ఎనిమిది యూనిట్ల వేడిని గోడ పక్కన దాచుకున్నట్టే. మధ్యాహ్నం బయటి గాలి కూడా కాస్త వెచ్చగా ఉంటుంది, యంత్రానికి శ్రమ తగ్గుతుంది. అదే కరెంటును బ్యాటరీలో పోసి రాత్రికి తీస్తే దారిలో పదో వంతో, ఇంకాస్త ఎక్కువో నష్టం. చాలామంది టైమర్‌ను తెల్లవారుజాముకే వదిలేస్తారు. దాన్ని మధ్యాహ్నానికి మార్చడానికి అయ్యే ఖర్చు సున్నా. గోరువెచ్చని నీళ్లలో పెరిగి ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా చావడానికి వారానికోసారి ట్యాంకును 60 డిగ్రీలకు తెచ్చే ఏర్పాటు ఉంటే, దాన్నీ ఎండ వేళకే పెట్టుకోండి. నీళ్లు ఒళ్లు కాల్చకుండా చల్లనీళ్లు కలిపే వాల్వు ఉందో లేదో చూసుకోండి.

అపోహ: హీట్ పంప్ కాస్త పెద్దదైతే ధైర్యం.

అవసరానికి మించినది మాటిమాటికీ ఆగి, మాటిమాటికీ మొదలవుతుంది. కరెంటు దండగ, కంప్రెసర్ ఆయుష్షూ తక్కువ. ముందు కిటికీల సందులు మూయించండి, పైకప్పు కింద ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా ఆపే పొర) వేయించండి. ఆ తరువాత లెక్క వేయిస్తే యంత్రమూ చిన్నదవుతుంది, బ్యాటరీ కూడా చిన్నది సరిపోవచ్చు.

అపోహ: హీట్ పంప్ పెట్టేవారు, సోలార్ బ్యాటరీ పెట్టేవారు, ఈ ఇద్దరు కాంట్రాక్టర్లు ఎవరి పని వారు చేసుకుంటే చాలు.

సరిగ్గా ఇక్కడే కొంప మునుగుతుంది. ఇంటి వాడకం ఎంతో బ్యాటరీకి తెలిసేది మెయిన్ తీగకు తగిలించే, కరెంటును కొలిచే చిన్న క్లాంపు ద్వారా. హీట్ పంప్ తీగను ఆ క్లాంపుకు ముందే చీల్చి తీసుకుంటే, ఇంట్లో అంత పెద్ద యంత్రం నడుస్తున్నట్టు బ్యాటరీకి తెలియనే తెలియదు. అది నిండుగా ఊరుకుంటుంది, మీరు గ్రిడ్ కరెంటుకు డబ్బు కడుతుంటారు. పని అప్పగించే రోజున ఇద్దరినీ ఒకేసారి రమ్మనండి. హీట్ పంప్ ఆన్ చేయించి, బ్యాటరీ యాప్‌లో ఇంటి వాడకం అంకె పెరుగుతుందో లేదో పక్కనే నిలబడి చూడండి. అంకె కదలకపోతే ఆఖరి వాయిదా సొమ్ము ఇవ్వకండి.