పలక దోనెలా ఎందుకు వంగుతుంది?

"డాబా మీద టేకు డెక్ (కర్ర పలకల నేల) వేయించాం. మొదటి ఎండాకాలానికే పలకల అంచులు పైకి లేచాయి. నకిలీ టేకు అంటగట్టారా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

టేకు అసలుదే కావచ్చు. పచ్చి తీరకముందే పరిచి ఉంటారు.

కర్రలో తేమ సుమారు 30 శాతం కంటే తగ్గినప్పటి నుంచి కణాల గోడలు ముడుచుకోవడం మొదలవుతుంది. పొడవులో ఈ మార్పు లెక్కలోకి రాదు. వెడల్పులోనే తంటా అంతా. పచ్చి టేకును పూర్తిగా ఎండబెడితే మాను అడ్డుకోతలో గుండ్రంగా కనిపించే వలయాల వెంబడి 5.8 శాతం, మధ్య నుంచి బెరడు వైపుగా 2.5 శాతం కుదించుకుంటుంది. 140 మి.మీ. పలకలో తేమ 18 నుంచి 8 శాతానికి దిగిందనుకోండి. వలయాలు పలక ముఖానికి సమాంతరంగా ఉంటే 2.7 మి.మీ. తగ్గుతుంది, నిలువుగా ఉంటే 1.2 మాత్రమే. వలయాలు ముఖానికి సమాంతరంగా ఉన్న పలకలో బెరడు వైపు ముఖానికి వలయాల వెంబడి ముడత ఎక్కువ, గుండె వైపు తక్కువ. అందుకే ఎండేకొద్దీ వంగిన వలయాలు తిన్నగా సాగబోతాయి, బెరడు వైపు గుంటపడుతుంది. బెరడు వైపు పైకి ఉన్న పలకలో పై ముఖం ఎండకు మాడుతూ అడుగు చెమ్మగా ఉంటే ఈ వంపు ఇంకా పెరుగుతుంది. కొనేటప్పుడు పలక కొస చూడండి: వలయాలు నిలువు గీతల్లా కనిపించే పలకే నయం. తెల్ల చెక్క ఉంటే వద్దు. టేకైనా చెదకు ఎదురు నిలిచేది చేవ (లోపలి ముదురు చెక్క) మాత్రమే. (అమావాస్యనాడు కొట్టిన కర్రకు పుచ్చు పట్టదంటారు. తిథి కన్నా తేమ మీటరును నమ్మడం మేలు. 12 శాతం దగ్గర ఉంటే చాలు.)

పరిచేటప్పుడు 25 మి.మీ. మందం పలకకు కింది దూలాల మధ్య 400 మి.మీ., పలకల మధ్య 5 మి.మీ. సందు. కర్ర ఇంకా పచ్చిగా ఉంటే 3 చాలు, ఎండాక సందు తానే పెరుగుతుంది. అడుగున గాలి ఆడాలి, నీళ్లు నిలవకూడదు. ప్రతి దూలం దగ్గర రెండు స్టెయిన్‌లెస్ స్క్రూలు, ముందుగా రంధ్రం చేసి. మామూలు ఇనుప స్క్రూ తుప్పుపట్టి నల్ల మరక వదులుతుంది. విశాఖ, కాకినాడల్లో సముద్రపు గాలికి స్టెయిన్‌లెస్‌లోనూ తుప్పును బాగా తట్టుకునే 316 గ్రేడే వాడాలి. కోసిన ప్రతి కొసకూ మైనపు సీలర్ పూయండి, నీళ్లు ఎక్కువగా పీల్చేది అక్కడే.

వార్నిష్ వద్దు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పొర కింది లిగ్నిన్‌ను (కర్ర కణాలను జిగురులా పట్టి ఉంచే పదార్థాన్ని) చెడగొడతాయి, పట్టు పోయి పొర పెచ్చులుగా లేస్తుంది. డెక్ ఆయిల్ పూసి, పావుగంట తర్వాత మిగిలింది తుడిచేయండి. బూడిదరంగు వచ్చినంత మాత్రాన కుళ్లినట్టు కాదు. నీటి బొట్టు ముత్యంలా నిలవక ఇంకిపోతే మళ్లీ నూనె పూయాల్సిన వేళైంది. డెక్ ఆయిల్‌లో అవిసె నూనె ఉంటే, తుడిచిన గుడ్డల్ని మాత్రం కుప్పగా పడేయకండి, వాటంతటవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. నీళ్లలో ముంచి, విడివిడిగా ఆరుబయట ఆరేయండి.