ముల్లు నిజంగానే గుచ్చుకుందా? బొమ్మలతో నాటక పాఠం: అపోహలు - వాస్తవాలు

బడి పిల్లలకు నాటకాలు పరిచయం చేయడం నా పని. పాఠాన్ని పుస్తకంతో కాకుండా ఒక పెయింటింగ్‌తో మొదలుపెడతానంటే టీచర్లకూ తల్లిదండ్రులకూ వచ్చే సందేహాలు దాదాపు ఒకటే.

అపోహ: ముందు కథ చెప్పాలి, తర్వాతే బొమ్మ చూపించాలి.

కథ తెలిసిపోతే ఇక కళ్లకు పని ఉండదు. రాజా రవివర్మ గీసిన శకుంతల ప్రింటు గోడకు తగిలించి, పేరు కూడా చెప్పకుండా రెండు నిమిషాలు చూడమంటాను. కాలిలో ముల్లు తీసుకుంటున్నట్టు ఆగి వెనక్కి చూస్తున్న అమ్మాయి, చెలికత్తెలు. క్యాలెండర్ల మీద చాలామంది చూసిందే. ఒకసారి ఏడో తరగతి అబ్బాయి, "ముల్లు కాలిలో ఉంటే చూపు వెనక్కెందుకుంది మేడమ్?" అన్నాడు. ఆ రోజు పాఠం మొదలుపెట్టింది వాడే.

అపోహ: పెయింటింగ్ అంటే నాటకంలో సీనుకు నకలు.

కాదు. సీను చదివిన చిత్రకారుడు ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చుకుని గీసింది అది. 'అభిజ్ఞాన శాకుంతలం' మొదటి అంకం చివర శకుంతల రాజును చూస్తూ 'సవ్యాజం'గా, అంటే ఏదో నెపంతో, ఆలస్యం చేసి వెళ్తుందని కాళిదాసు రంగసూచన. ఒక్క మాట. రెండో అంకంలో దుష్యంతుడు దాన్నే విదూషకుడికి మురిసిపోతూ చెప్పుకుంటాడు: నాలుగడుగులు వేసిందో లేదో దర్భ మొలక గుచ్చుకుందంటూ ఆగిందట, చిక్కుకోని నారచీరను కొమ్మల నుంచి విడిపించుకుంటూ ఇటు తిరిగిందట. బొమ్మలో మాత్రం రాజు లేడు.

పిల్లలను జట్లు చేసి ఆ నాలుగడుగులు నడిపిస్తాను. ఒక జట్టులో ముల్లు నిజం, ఇంకో జట్టులో నెపం. ఏది ఏదో మిగతావాళ్లు కనిపెట్టాలి. నిజంగా గుచ్చుకుంటే చూపు కాలి మీదికి పోతుంది. నెపమైతే ముందు కళ్లు వెనక్కి తిరుగుతాయి, కాలు తర్వాత ఆగుతుంది. ఈ తేడా నేను చెప్పలేదు, పిల్లలే పట్టుకున్నారు. ఆ తర్వాత సంస్కృతంలోని ఆ ఒక్క మాట చూపిస్తే వాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన క్షణం అదే.

అపోహ: చిత్రకళ చదువుకున్నవాళ్లే ఇది చేయగలరు.

"ఏం కనిపిస్తోంది?", "ఏది చూసి అలా అంటున్నావు?" ఈ రెండు ప్రశ్నలు అడిగి, జవాబు వచ్చేదాకా ఊరుకోగలిగితే చాలు. ఊరుకోవడమే కష్టం.

అపోహ: మ్యూజియంకి తీసుకెళ్తే అన్నీ చూపించాలి.

ఒక్కటి చాలు. సాలార్‌జంగ్ మ్యూజియంలో జర్మన్ రచయిత గోథే నాటకం 'ఫౌస్ట్' పాత్రలతో ఒక చెక్క శిల్పం ఉంది. ముందు వైపు సైతాను మెఫిస్టోఫిలిస్, అదే చెక్కకు వెనక వైపు, అద్దంలో కనిపించే, తల వంచుకున్న మార్గరెట్టా. పెయింటింగ్ కాకపోయినా మా అరగంటా దాని ముందే.

అపోహ: బొమ్మ చూపిస్తే పిల్లల ఊహ ఆగిపోతుంది.

ఇందులో కొంత నిజముంది. అందుకే 'హామ్లెట్'కి వరస తిప్పేస్తాను. హామ్లెట్ ప్రేమించిన ఒఫీలియా నీళ్లలో మునిగిపోవడాన్ని షేక్‌స్పియర్ రంగస్థలం మీద చూపించలేదు. నాలుగో అంకం ఏడో సీనులో హామ్లెట్ తల్లి, రాణి గెర్‌ట్రూడ్ వచ్చి చెబుతుంది. ఆ మాటలు కళ్లు మూసుకుని వినమని, ఎవరికి తోచింది వాళ్లను గీయమంటాను. ఆ తర్వాతే లండన్ టేట్ బ్రిటన్‌లో ఉన్న చిత్రకారుడు జాన్ ఎవరెట్ మిలే గీసిన 'ఒఫీలియా' (1851-52) తెర మీద వేస్తాను. విషయం చావు కాబట్టి తొమ్మిదో తరగతికి లోపు పిల్లలకు ఇది పెట్టను.

బొమ్మలో ఎర్రటి గసగసాల పువ్వు ఉంది, రాణి చెప్పిన పువ్వుల్లో అది లేదు. నిద్రకూ చావుకూ గుర్తుగా మిలే చేర్చుకున్నది. రెండూ పక్కపక్కన పెట్టి పువ్వులు లెక్కబెడుతుంటే ఒకమ్మాయి తలెత్తింది. "రాణికి ఇంత వివరంగా తెలుసంటే ఎవరో ఒడ్డునే నిలబడి చూసినట్టు కదా మేడమ్. మరి దిగి పట్టుకోలేదేం?"

మరుసటి వారం క్లాసులో సగం మంది ఆ సీను మళ్లీ చదువుకుని వచ్చారు.